ఉదజని – మూలకములలో దాని స్థానము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగము)



రజతోత్సవమనగా వెండిపండుగ. ఆ వెండియు మూలకములలో నొకటియే. మూలకముల పట్టికలో దాని సంఖ్య 47. ఆ పట్టికలో మొదటి సంఖ్య నందుకొన్నది వెండివలె మెరయునది కాదు, బంగారమువలె విలువ గలదియు కాదు. కంటికి కానరానిది, రంగు, రుచి, వాసన లేనిది, అన్నిటికంటెను తేలికయైనది యగు ఒక వాయువు. దానికి తెలుగున ఉదజని యని పేరు. పాఠశాలలలో పిల్లలు హైడ్రోజను అని చదువుచున్నది దీనినే. ఇంటింట బానలోని నీటి బరువులో తొమ్మిదింట నొక పాలు ఇదియే. మానవ శరీరపు బరువులో సుమారు పదింట నొక పాలు ఇదియే.

ఇట్టి ఉదజని మూలకములలో ఏ కుటుంబమునకు చెందినది? ఎవరితో దానికి పోలిక? ఎవరితో దానికి వైరుధ్యము? ఈ ప్రశ్న పండితుల గోష్ఠికి మాత్రమే తగినదని తోపవచ్చును. కాని నీరు నీరుగా నిలుచుట, చింతపండు పుల్లగా నుండుట, పైరునకు ఎరువు అందుట, తుదకు మోసగాని మాట విని సొమ్ము పోగొట్టుకొనకుండుట, ఇవన్నియు ఈ ప్రశ్నకు వచ్చు సమాధానముపై ఆధారపడియున్నవి.

మొదట దాని జన్మవృత్తాంతము. 1766వ సంవత్సరమున ఇంగ్లండు దేశీయుడగు హెన్రీ కావెండిష్ ఇనుము, తుత్తునాగము మున్నగు లోహములను ఆమ్లములలో కరగించి, అందుండి వెడలిన వాయువును సేకరించి, అది మండు స్వభావము గల ప్రత్యేక వాయువని నిరూపించెను. పిమ్మట ఆ వాయువును మండించినచో నీరు పుట్టునని గూడ అతడే కనుగొని, 1784లో ప్రకటించెను. పంచభూతములలో నొకటిగా అనాదినుండి ఎన్నబడుచున్న జలము మూలద్రవ్యము కాదనియు, రెండు వాయువుల సంయోగమనియు అంతట తేటపడినది.

ఫ్రాన్సు దేశమున లావోజియే యను శాస్త్రజ్ఞుడు ఆ వాయువునకు నీటిని పుట్టించునది యను అర్థమిచ్చు గ్రీకుపేరును స్థిరపరచెను. ‘ఉద’మనగా నీరు; కావున తెలుగున ఉదజని. 1787లో వెలువడిన నూతన నామకరణ గ్రంథమున ఈ పేరు కలదు. లావోజియే వృత్తిచేత ప్రభుత్వపు పన్నులు వసూలుచేయు సంఘమున భాగస్వామి. లెక్క తప్పరాదను పట్టుదల అతని రసాయనమునందును కానవచ్చును. చర్యకు ముందు ద్రవ్యమెంత, చర్యకు పిదప ద్రవ్యమెంత యని తూచి, జమకు ఖర్చునకు సరిపోవునట్లు చూపిన తరువాతనే అతడు సిద్ధాంతమును చెప్పెను. 1794లో విప్లవ న్యాయస్థానము అతనికి శిరచ్ఛేద మొనర్చినను, అతడు నేర్పిన జమాఖర్చు నేటికిని రసాయనశాస్త్రమునకు పునాదియై నిలిచియున్నది.

ఇక మూలకముల పట్టిక. గ్రామమునకు భూముల రిజిస్టరు ఎట్టిదో ప్రకృతికి ఈ పట్టిక అట్టిది. రష్యా దేశీయుడగు మెండెలీవు 1869లో నాటికి తెలిసిన మూలకములను భారక్రమమున పేర్చి, సమాన గుణములు గలవానిని ఒకే వరుసకు తెచ్చెను. 1913లో మోస్లీ యను యువకుడు ప్రతి మూలకమునకును తప్పులేని సంఖ్య నొసగు మార్గమును చూపెను. పరమాణువు నడుమ కేంద్రకము, అందులో ప్రోటానులు. చుట్టును పొరలుపొరలుగా ఎలక్ట్రానులు. ప్రోటానుల సంఖ్యయే మూలకపు సంఖ్య. నేటికి 118 మూలకములు ఆ రిజిస్టరున చేరినవి. ఉదజనికి ఒక ప్రోటాను, ఒక ఎలక్ట్రాను. ఇంతకంటె చిన్న సంసారము మరియొకటి లేదు.

చిక్కంతయు ఈ చిన్న సంసారమునందే యున్నది. మూలకముల స్వభావము వెలుపలి పొరలోని ఎలక్ట్రానులచే నిర్ణీతమగును. పొర నిండినచో తృప్తి, నిండకున్నచో ఆరాటము. సోడియము, పొటాషియము మొదలగు లోహములకు వెలుపలి పొరలో ఒకే ఎలక్ట్రాను కలదు. దానిని ఇతరులకిచ్చి అవి తృప్తినొందును. క్లోరీను కుటుంబమునకు పొర నిండుటకు ఒకే ఎలక్ట్రాను తక్కువ. దానిని ఇతరులనుండి గైకొని అవి తృప్తినొందును. ఉదజనికున్నది ఒకే ఎలక్ట్రాను. దాని పొరలో ఇద్దరికే చోటు. కావున దానియొద్ద ఒకటి ఉన్నదనియు చెప్పవచ్చును, ఒకటి తక్కువయనియు చెప్పవచ్చును. రెండు మాటలును సత్యములే.

సోడియముతో పోలికను ముందు చూడుడు. సోడియము క్లోరీనుతో ఒకటికొకటిగా కలసి ఉప్పగును. ఉదజనియు అట్లే క్లోరీనుతో ఒకటికొకటిగా కలియును. నీటిలో ఒక ఆమ్లజని పరమాణువునకు రెండు ఉదజనులు. సోడియము భస్మమునందును ఒక ఆమ్లజనికి రెండు సోడియములు. లెక్క సరిపోయినది. కాని స్వభావము సరిపోదు. సోడియము కత్తితో కోయదగిన మెత్తని లోహము, విద్యుత్తును ప్రవహింపజేయును, గాలి సోకకుండ కిరసనాయిలులో దాచబడును. ఉదజని సున్నకు దిగువ 253 డిగ్రీల సెంటిగ్రేడు చలిలో గాని ద్రవముగా మారని వాయువు. మరియొక లెక్క. 23 గ్రాముల సోడియము పరమాణువులనుండి ఒక్కొక్క ఎలక్ట్రానును ఊడదీయుటకు 496 కిలోజౌలుల శక్తి చాలును. అంతే సంఖ్యగల ఉదజని పరమాణువులు తూకమునకు ఒక గ్రామే. వానినుండి ఊడదీయుటకు 1,312 కిలోజౌలులు కావలెను. సోడియము దాత, ఉదజని తన ఏకైక ధనమును అంత సులభముగా విడువదు. మిక్కుటమగు ఒత్తిడిలో ఉదజనియు లోహముగా మారునని 1935లో విగ్నరు, హంటింగ్టను అను శాస్త్రజ్ఞులు గణించి చెప్పిరి. గురుగ్రహపు అంతర్భాగమున అట్టి ఉదజని కలదని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. భూమిపై సామాన్య స్థితిలో మాత్రము అది లోహము కాదు.

పిమ్మట క్లోరీనుతో పోలిక. క్లోరీనువలె ఉదజనియు రెండేసి పరమాణువులు జంటగూడిన వాయువు. క్లోరీనువలె సోడియమునుండియు, కాల్షియమునుండియు ఎలక్ట్రానును గైకొని ఉప్పువంటి ఘనపదార్థమును గూడ ఏర్పరచును. అట్టి పదార్థమును కరగించి విద్యుత్తును పంపినచో, సామాన్యముగా ఋణధ్రువమున వెలువడు ఉదజని ఇచట ధనధ్రువమున వెలువడును. ఇంతకంటె ప్రబలమగు సాక్ష్యమేమి? కాని ఇచటను పోలిక సగమే. 35 గ్రాముల పైచిలుకు క్లోరీను పరమాణువులు ఒక్కొక్క ఎలక్ట్రానును గైకొనునపుడు 349 కిలోజౌలుల శక్తి వెలువడును. అంతే సంఖ్యగల ఉదజని పరమాణువులకు 73 మాత్రమే. ఆకలి గలదు గాని అంత ఆకలి లేదు. ఉప్పులోని క్లోరీను నీటిలో ప్రశాంతముగా నుండును. ఎలక్ట్రానును గైకొన్న ఉదజని నీరు తగిలిన తోడనే దానిని నిలుపుకొనలేక బుసబుస వాయువై లేచిపోవును.

మూడవ బంధువు కర్బనము, అనగా బొగ్గు. కర్బనపు వెలుపలి పొరలో ఎనిమిదింటికి నాలుగు. ఉదజని పొరలో రెండింటికి ఒకటి. ఇరువురిదియు సగము నిండిన గాదె. ఎలక్ట్రానులను తమవైపు లాగుకొను శక్తిని పౌలింగు పండితుడు ఏర్పరచిన కొలతలో చూచినచో సోడియమునకు 0.93, క్లోరీనునకు 3.16, కర్బనమునకు 2.55, ఉదజనికి 2.20. ఈ కొలతలో ఉదజనికి కర్బనమే చేరువ. అందుచే ఇవి రెండును ఇచ్చుట పుచ్చుకొనుటల పేచీ లేక, ఎలక్ట్రానులను ఉమ్మడిగా అనుభవించును. ఐనను ఒక భేదము కలదు. కర్బనమునకు నాలుగు చేతులు. కావున అది గొలుసులు గొలుసులుగా అల్లుకొనును. ఉదజనికి ఒకే చేయి. కావున గొలుసు చివరను, ప్రక్కలను నిలుచును. నూనె, నెయ్యి, చక్కెర, కిరసనాయిలు, అన్నములోని పిండి, అన్నియు ఈ రెంటి పొత్తుతో అల్లబడినవే.

సంస్కృత వ్యాకరణమున ధాతువులు పరస్మైపదులు, ఆత్మనేపదులు, ఉభయపదులు అని మూడు తెగలు. పరస్మైపదమనగా పరునికొరకైనది, ఆత్మనేపదమనగా తనకొరకైనది. సోడియము పరస్మైపది, క్లోరీను ఆత్మనేపది, ఉదజని ఉభయపది. సందర్భమునుబట్టి ఇచ్చును, సందర్భమునుబట్టి పుచ్చుకొనును, అధికముగా పంచుకొనును. ఉభయపదియగు ధాతువును ఒక తెగలోనే చేర్పవలెనని పట్టుబట్టుట వ్యాకరణము కాదు. ఉదజనిని ఒక కుటుంబముననే ఇముడ్చవలెనని పట్టుబట్టుటయు రసాయనశాస్త్రము కాదు. పట్టికలలో దానిని సామాన్యముగా సోడియపు వరుసకు శిరస్సున నుంచుచున్నారు. కొందరు వేరుగా నుంచుచున్నారు. ఎచట నుంచినను దాని గుణములు దానివే.

ఇంతవరకు పోలికలు. ఇతర మూలకములకు లేని ఒక విశేషము ఉదజనికి గలదు. సోడియము తన ఎలక్ట్రానును ఇచ్చివేసిన పిమ్మటను దానికి లోపలి పొరలలో పది ఎలక్ట్రానులు మిగిలియుండును. పైపంచె పోయినను ధోవతి యున్నట్లు. ఉదజనికి లోపలి పొర లేదు. ఉన్న ఒక్కటి పోయినచో మిగులునది వట్టి ప్రోటానే. పరమాణువులో సుమారు లక్షవ వంతు పరిమాణము గలది. ఆ స్థితిలో అది ఒంటరిగా నిలువజాలక, నీటిలోనైనచో వెంటనే ఒక నీటి అణువును పట్టుకొనును. పులుపునకు మూలము ఇదియే. నిమ్మరసము, చింతపండు, జీర్ణాశయములోని ఆమ్లము, ఇవన్నియు ప్రోటానును ఇతరుల కిచ్చునవి. 1923లో బ్రాన్‌స్టెడ్, లౌరీ అను ఇరువురు వేరువేరుగా ఆమ్లమునకు ఈ నిర్వచనమునే చెప్పిరి.

ఇచట పేరుల విషయమున ఒక విచిత్రము కలదు. ప్రాణవాయువే పులుపునకు కారణమని లావోజియే తలచి, ఆమ్లమును పుట్టించునది యను అర్థమున దానికి పేరుపెట్టెను. అందుచేతనే తెలుగున ఆమ్లజని. కాని ఉప్పునుండి తీయబడు ఆమ్లమున ప్రాణవాయువు లేశమైనను లేదని 1810లో హంఫ్రీ డేవీ తేల్చెను. అందున్నవి ఉదజని, క్లోరీను మాత్రమే. ఆమ్లజని యను పేరు న్యాయముగా ఉదజనికి చెందవలసినది. పేరు మారలేదు, సత్యము మారినది. గొప్పవాడు చెప్పినంతమాత్రమున లెక్క సరిచూడక అంగీకరింపరాదని ఈ కథ బోధించుచున్నది.

ఆ వస్త్రహీనతయే మరియొక అద్భుతమునకు కారణము. నీటి అణువులో ఆమ్లజని ఉమ్మడి ఎలక్ట్రానులను తనవైపు లాగుకొనును. అపుడు ఉదజని వీపు ఇంచుమించు బట్టబయలగును. ప్రక్కనున్న నీటి అణువులోని ఆమ్లజని ఆ వీపునకు చేరువై పట్టుకొనును. దీనినే ఉదజని బంధము అందురు. నీటి అణువులోపలి బంధపు బలములో ఇది సుమారు ఇరువదింట నొక పాలు మాత్రమే. ఐనను గడ్డిపోచలు పేనిన మోకు ఏనుగును బంధించునట్లు, ఈ బలహీనపు పట్టులు అసంఖ్యాకములై జగత్తును నిలుపుచున్నవి.

ప్రమాణము చూడుడు. గంధకము ఆమ్లజనికి ఆ వరుసలోని సోదరుడు. ఉదజనితో గంధకము కలసిన వాయువు, కుళ్లిన గ్రుడ్డు వాసన గలది, నీటికంటె ఇంచుమించు రెట్టింపు భారము గల అణువు కలది. ఐనను సున్నకు దిగువ 60 డిగ్రీలకే మరగిపోవును. అంతకంటె తేలికయగు నీరు ఇంకను ముందే ఆవిరి కావలెను. కాని 100 డిగ్రీలవరకు మరగదు. ఉదజని బంధమే లేనిచో చెరువులు లేవు, కాలువలు లేవు, వరిచేలు లేవు. ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 2,400 జౌలుల వేడి కావలెను. మట్టికుండ చెమ్మగిల్లి వేసవిలో నీటిని చల్లబరచుట అందువలననే. మంచుగడ్డలో ఈ బంధములు ఎడమెడముగా అమరుటచే అది తేలికయై నీటిపై తేలును. అందుచే శీతదేశములలో సరస్సుల పైభాగము గడ్డకట్టినను క్రింద చేపలు బ్రదుకును. నూలుబట్ట చెమటను పీల్చుట, గంజిపెట్టిన పంచె బిరుసెక్కుట ఈ బంధముల వలననే. తల్లిదండ్రుల పోలికలను బిడ్డలకు చేర్చు జన్యుపదార్థమునకు 1953లో వాట్సను, క్రిక్కు చూపిన రెండు పేటల రూపమున, ఆ పేటలను జతపరచునదియు ఈ బంధమే. అవసరమైనపుడు విడిపోవునంత సున్నితము, కాలమెల్ల కలసియుండునంత దృఢము.

ఇక వ్యవసాయమునకు వత్తము. గాలిలో అయిదింట నాలుగు పాళ్లు నత్రజనియే. కాని దాని జంట పరమాణువుల పట్టు అత్యంత బలీయము. దానిని విడదీసి ఉదజనితో కలిపి అమ్మోనియా చేయు మార్గమును 1909లో హేబరు ప్రయోగశాలలో చూపగా, బాష్ దానిని పరిశ్రమగా మార్చెను. 1913లో జర్మనీలో కర్మాగారము పనిచేయ నారంభించినది. నేటి యూరియా ఆ అమ్మోనియానుండియే వచ్చుచున్నది. రామగుండములోని కర్మాగారమున అందుకు వలయు ఉదజనిని సహజవాయువునుండి తీయుచున్నారు. చేలో చల్లిన యూరియా నేలలో మరల అమ్మోనియాగా మారును. అది పైపైన ఉన్నచో గాలిలో కలసిపోవును. తేమగల మట్టిలోనికి చేరినచో ఒక ప్రోటానును స్వీకరించి, ధనావేశము గలదై, బంకమన్ను రేణువులకు అంటుకొని పైరుకొరకు వేచియుండును. యూరియాను ఎండు నేలపై చల్లి వదలరాదను మాటలోని తత్త్వమిదియే.

వంటింటి విషయమున ఒక హెచ్చరిక. నికెలు లోహపు పొడి సాయమున నూనెలకు ఉదజనిని చేర్చి గట్టిపరచగా వనస్పతి యగును. ఈ పని సగములో నిలిచినపుడు ట్రాన్స్ కొవ్వులు పుట్టును. అవి గుండెకు హానికరములు. 2022 జనవరినుండి మన దేశమున నూనెలు, కొవ్వులలో ఇవి నూటికి రెండు పాళ్లకు మించరాదని నియమము కలదు.

చివరకు, సొమ్ముకు సంబంధించిన మాట. నీటితోనే బండి నడుపుదుమనియు, నీరు పోసిన చాలు యంత్రము తిరుగుననియు చెప్పి, పెట్టుబడులడుగువారు అప్పుడప్పుడు దేశమున బయలుదేరుచుందురు. వారి మాటను లావోజియే జమాఖర్చున పెట్టి చూడవలెను. తొమ్మిది లీటర్ల నీటినుండి ఒక కిలో ఉదజని వచ్చును. దానిని విడదీయుటకు లెక్కప్రకారము 39 యూనిట్లకు పైగా శక్తి ఖర్చు. ఆచరణలో 50 యూనిట్లు, అంతకు మించియు అగును. ఆ ఉదజనిని మండించినచో తిరిగివచ్చునది అధికపక్షము ఆ 39 యూనిట్లే. అదియు వేడి రూపమున. అందులో యంత్రము త్రిప్పుటకు ఉపయోగపడునది కొంతభాగమే. జమకంటె ఖర్చు ఎక్కువ. ఏలయన నీరు ఇంధనము కాదు. ఇదివరకే మండిపోయిన ఉదజని. నీరు ఉదజనికి బూడిద. పొయ్యిలోని బూడిదను మరల మండించి అన్నము వండెదనను వానికి బియ్యము కొలిచియిచ్చు ఇల్లాలు లేదు గదా!

ఐనచో భారత ప్రభుత్వము 2023 జనవరిలో హరిత ఉదజని పథకమును ఆమోదించి, 2030 నాటికి ఏటికి 50 లక్షల టన్నులు ఉత్పత్తి చేయవలెనని ఏల సంకల్పించినది? అచట లెక్క దాచబడలేదు. సూర్యుడును వాయువును ఇచ్చు విద్యుత్తును ఖర్చు వ్రాసి, ఎరువులకును ఉక్కునకును కావలసిన ఉదజనిని పొగలేకుండ పొందుట ఆ పథకపు ఉద్దేశ్యము. శక్తి ఎచటనుండి వచ్చినదో చెప్పువాడు శాస్త్రజ్ఞుడు. చెప్పక సొమ్మడుగువాడు వంచకుడు.

జాగ్రత్త యొకటి. గాలిలో ఉదజని నూటికి 4 పాళ్లు మొదలు 75 పాళ్లవరకు ఎంత కలసినను మండును. దాని జ్వాల పగటివెలుగున ఇంచుమించు కానరాదు. 1937 మే 6వ తేదీన అమెరికాలో హిండెన్‌బర్గ్ అను విమాననౌక ఇట్లే దగ్ధమై 36 మంది మరణించిరి. ఇండ్లలోని ఇన్వర్టరు బ్యాటరీలు విద్యుత్తు ఎక్కించుకొనునపుడు ఈ వాయువును విడుచును. వానిని గాలి ఆడు చోట నుంచవలెను. చెంత బీడీ వెలిగింపరాదు.

మహాశయులారా! 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు ఫ్రాన్సునుండి జాన్సెన్ అను శాస్త్రజ్ఞుడు మన గుంటూరునకు వచ్చెను. సూర్యబింబపు అంచున లేచు ఎర్రని జ్వాలల కాంతిని విడదీసి చూడగా, అందు ప్రధానముగా నున్నది ఉదజనియని తెలిసెను. సూర్యునియందు అత్యధిక భాగము ఉదజనియేనని 1925లో సిసీలియా పేన్ అను విదుషి గణించి చూపెను. అచట ఎలక్ట్రానుల ఇచ్చిపుచ్చుకొనుట కాదు, కేంద్రకములే ఏకమగుచున్నవి. క్షణమునకు సుమారు 60 కోట్ల టన్నుల ఉదజని అట్లు ఏకమగుటచే పుట్టు వెలుగుననే పైరు పండుచున్నది.

ఆకాశమున వెలుగును, నేలపై నీటిని ఇచ్చుచున్నది ఒకే మూలకము. దానిని తెలిసికొనుటకు ప్రయోగశాల లేకున్నను గ్రంథాలయము చాలును. విన్న మాటకు సాక్ష్యమడుగుట, చదివిన లెక్కను సరిచూచుకొనుట, పేరునుబట్టి గాక గుణమునుబట్టి నిర్ణయించుట, ఈ మూడును గ్రంథాలయమునకు వచ్చు ప్రతి పాఠకునికి అలవడుగాక. అలవడిననాడు ఈ ఇరువదియైదేండ్ల కృషి ఫలించినట్లే.

స్వస్తి.